లెక్కకు రాని రెండు లీటర్లు

సిద్దిరాములు అరికాళ్లు వాచిపోయి నేలకు ఆనడం లేదు. లాకప్ గోడకు చేరగిలబడి రెండు కాళ్లూ ముందుకు చాపుకుని ఉన్నాడు. నన్ను చూసి లేవబోయాడు.

“కూసో. నేనేం కలెక్టర్‌ను కాదు లేసి నిలబడెతందుకు,” అని కసిరాను.

నా పేరు సుమలత. ఇన్సూరెన్స్ కంపెనీల కోసం యాక్సిడెంట్లను తవ్వి తీయడం నా వృత్తి. నిజామాబాద్‌లో నాకో ఆఫీసు, ఓ పాత కారు, బోలెడంత చెడ్డపేరు ఉన్నాయి. అంతకుముందు కొన్నేళ్లు ఫిజిక్స్ చెప్పాను. మనుషులకు పాఠం చెప్పడం కంటే బండ్ల చేత నిజం చెప్పించడం తేలికని తెలిశాక ఇటు వచ్చాను.

రెండు రోజుల కిందట బోధన్ రోడ్డు మీది పాత బెల్లం గానుగ యార్డులో ఆత్మారాం చచ్చిపోయాడు. నిజామాబాద్‌లో పెద్ద కోచింగ్ అకాడమీ ఆయనది. ఆ యార్డు కొని హాస్టలు కట్టించాలనుకున్నాడు. ఆయన సొంత కారే ఆయన్ను ప్రహరీ గోడకు అదిమి చంపింది. డ్రైవర్ సిద్దిరాములు వాలు నేల మీద బండి ఆపి హ్యాండ్‌బ్రేక్ వేయడం మరిచాడనీ, అది జారిపోయిందనీ సీఐ శేఖర్ కేసు రాసేశాడు. పోయినవాడు పెద్దమనిషి కాబట్టి, రాసింది చాలక డ్రైవర్ అరికాళ్లు కూడా వాయించారు.

“హ్యాండ్‌బ్రేక్ ఏసినవా లేదా?” అని అడిగాను.

“మరిచిన మేడం.”

“ఇరవై ఏండ్ల సంది స్టీరింగ్ పట్టినవ్. గా ఒక్కనాడే మరిచినవా?”

“మరిచిన. సారు చాయ్ తెమ్మన్నడు. ఏసీ పోతది, ఇంజన్ బందు పెట్టకన్నడు. చౌరస్త దాంక నడుచుకుంట పోయిన. మల్లచ్చేసరికి గట్లున్నడు.”

“ఎంత సేపైంది పోయి వచ్చేసరికి?”

“ముప్పావుగంట అయితుండొచ్చు.”

“గట్ల చెప్పుమని నీకెవరు చెప్పిన్రు?”

“ఎవ్వరు చెప్పలే.” ఊచల మధ్య నుంచి రెండు చేతులూ బయటికి చాపి జోడించాడు. “మేడం, దండం పెడ్త. మీరేం చెయ్యొద్దు. నన్ను గిట్లనే ఉండనియ్యున్రి.”

నాకు ఒళ్లు మండింది. దెబ్బలు తిన్న ప్రతివాడూ ఇదే మాటంటాడు. భయం మనిషి నోటికి వేసే తాళాలు నేను చాలా చూశాను. ఇదీ అలాంటిదే అనుకున్నాను.

బయట మెట్ల మీద అతని భార్య సత్తవ్వ ఒళ్లో చేట పెట్టుకుని బీడీలు చుడుతోంది. నన్ను ఈ కేసులోకి లాక్కొచ్చింది ఆమే. నిన్న పొద్దున నా ఆఫీసుకు వచ్చి, కాళ్లు పట్టుకోకుండా, ఏడవకుండా, “మా ఆయినను కొడ్తున్రు. ఆపియ్యి అక్కా” అంది. ఏడ్చేవాళ్లను పొమ్మనడం నాకు బాగా వచ్చు. ఏడవని మనిషితో ఏం చేయాలో తెలియక సరేనన్నాను.

“నీ మొగుడు నన్ను పొమ్మంటున్నడు సత్తవ్వా.”

“ఆయిన మాట ఇనకు. ఇంటికి తోలుకపోవాలె, గంతే.”

“పిల్లలున్నరా?”

“లేరు,” అని తునికాకును కత్తెరతో కరకరా కత్తిరించింది. తల ఎత్తలేదు.

* * *

అకాడమీలో వైస్ ప్రిన్సిపాల్ జ్యోతిరాణి నన్ను ఖాళీ క్లాసురూములో కూర్చోబెట్టింది. కారు తనే జారి మనిషిని చంపగలదని పోలీసులకు లెక్క వేసిచ్చింది ఈమె. ఆ లెక్క నాకూ వేసి చూపించమన్నాను. మార్కర్ అందుకునేటప్పుడు ఆమె ముఖంలో చావు ఇంటి ఛాయలేమీ లేవు. పరీక్షలో తనకు వచ్చిన ప్రశ్నే పడ్డంత సంతోషం ఉంది.

“చాలా ఈజీ మేడం. కారు పదకొండు వందల కిలోలు. గోడకు మూడు మీటర్ల దూరంల ఆగింది. గా మూడు మీటర్లల్ల నేల పదిహేను సెంటీమీటర్లు దిగింది, సీఐ గారే టేపు పట్టి కొలిపిచ్చిన్రు. పొటెన్షియల్ ఎనర్జీ మొత్తం కైనెటిక్ ఎనర్జీ అయితది. వెయ్యిన్ని ఆరువందల యాభై జౌళ్లు.” బోర్డు మీద గీతల మీద గీతలు గీసింది. “ఇప్పుడు సారు ఒళ్లు పది సెంటీమీటర్లు నొక్కుకుని కారును ఆపింది అనుకుందాం. ఎనర్జీని దూరంతోని భాగిస్తే ఫోర్స్. పదహారు వేల అయిదు వందల న్యూటన్లు. టన్నున్నర పైన బరువు మీద పడ్డట్టు. మనిషి బతుకుతడా?”

లెక్కలో తప్పు లేదు. అంకెలన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఇన్నాళ్లూ తనకు జీతమిచ్చిన మనిషి ఒంటిని పది సెంటీమీటర్లు నొక్కేసి, కింద రెండు గీతలు గీసింది ఈ మహాతల్లి.

“ఘర్షణ ఏమైంది?” అన్నాను.

“నెగ్లెక్ట్ చేసిన.”

“ఎందుకు?”

“మనం ఎప్పుడూ చేస్తం కద మేడం. ఇయ్యకపోతే నెగ్లెక్ట్ చెయ్యాలె.”

హాస్యానికి అనలేదామె. ఏళ్ల తరబడి ఘర్షణ లేని లోకంలో పాఠాలు చెప్పీ చెప్పీ, బయట నేల కూడా అలాగే నున్నగా ఉంటుందనుకుంటోంది. చెంప పగలగొట్టాలనిపించింది గానీ, అప్పుడే నా కళ్లు గోడ మీద పడ్డాయి. బోర్డు పక్కన తెల్లటి సున్నం మీద నడుము ఎత్తున మనిషి వీపు వెడల్పు మచ్చ ఉంది. చెమటా నూనే ఇంకి నల్లబడిన మచ్చ.

“గదేంది?”

“గోడకుర్చీ జాగ.” జ్యోతిరాణి కొంచెం నవ్వింది. “లెక్క తప్పినోల్లను సారు గక్కడ కూసోబెడ్తుండె. కుర్చీ లేకుంట, గోడకు వీపు ఆనిచ్చి, మోకాళ్లు మడిచి. కాళ్లు వణికి చెమటలు కారుతుంటె సారు అడుగుతుండె. ‘గోడ జరిగిందారా? జరగలే. మరి నువ్వు చేసిన పని ఎంత? సున్న. పనే చెయ్యనోనికి చెమటెందుకు పడ్తుంది?’ పిల్లలు పడీపడీ నవ్వేటోల్లు. గా కాన్సెప్ట్ ఇగ జిందగీల మరువరు.”

“ఎంత సేపు కూసోబెట్టేది?”

“సారు మూడ్‌ను బట్టి. డ్రైవర్‌ను గూడ ఏపిచ్చిండు ఒకసారి. కారు లీటరుకు పదహారు కిలోమీటర్లు ఇయ్యాలె, తక్కువస్తే పెట్రోల్ అమ్ముకున్నట్టే అని సారు లెక్క. ఆ వారం పద్నాలుగే వచ్చింది. పిల్లలందరి ముంగట పాపం గా ముసలోడు…” అంటూ మళ్లీ నవ్వబోయి, నా ముఖం చూసి ఆపేసింది.

“ఎవరికన్న ఏమన్న అయిందా దీనితోని?”

మార్కర్ మూత పెట్టి తీసి, మళ్లీ పెట్టింది. “పోయిన సాలు ఒక పిల్లగాడు. ఫ్రీ సీటు. రెండు గంటలు కూసున్నడట, మూత్రం ఎర్రగ వచ్చిందట. కిడ్నీలు ఖరాబై దవాఖానల పోయిండు. ముందుగల్లనే ఏదో బీమారి ఉండెనని సారు డాక్టర్ తోని రాపిచ్చిండు. పేరు యాదికి లేదు మేడం, మస్తుమంది పిల్లలు కద.”

పేరు యాదికి లేదట. ఆ గదిలో ఇంకొక్క నిమిషం ఉంటే బోర్డు పగలగొట్టేదాన్నని లేచి వచ్చేశాను.

* * *

యార్డు నేలంతా చెరుకు పిప్పి. గానుగ ఆడిన రోజుల్లో పారబోసిన పిప్పి ఎండీ తడిసీ పరుపులా పరుచుకుంది. కాలు వేస్తే చీలమండ దాకా దిగబడుతోంది.

సీఐ శేఖర్ జీపుకు ఆనుకుని నవ్వుతున్నాడు. “రాండ్రి, రాండ్రి. న్యూటన్ మేనకోడలు వచ్చింది.”

“మేనమామ ఉంటే మీకు ముందుగల్ల ట్యూషన్ చెప్పిచ్చేదాన్ని సార్.”

ఇతనికీ నాకూ పాత పగ ఉంది. అతను మూసేసిన కేసులు రెండు తెరిపించాను. రెండుసార్లూ పై అధికారుల చేత చీవాట్లు తిన్నాడు. అయినా సరదా కోసమే ఈసారి కారు తెప్పించాడు. నేను ఓడిపోతే చూడాలని అతనికి తహతహగా ఉంది.

కానిస్టేబుల్ భూమేష్ చేత కారును మూడు మీటర్ల అవతల సరిగ్గా పాత చోటనే ఆపించాను. చిన్న కారు, ఆటోమేటిక్. క్లచ్ ఉండదు. లీవరు డ్రైవ్‌లో వేసి కాలు పెడితే పోతుంది. తర్వాత వెళ్లి గోడకు వీపు ఆనించి నిలబడ్డాను, ఆత్మారాం చచ్చిన చోటనే.

“భూమేష్, న్యూట్రల్ చెయ్యి. హ్యాండ్‌బ్రేక్ దించి బండి దిగు.”

భూమేష్ సీఐ ముఖం చూశాడు. సీఐ ముఖంలో నవ్వు పోయింది. “మేడం, మీకేమన్న అయితె నా మీదికి రావద్దు.”

“టన్నున్నర పడ్తదని మీరే రాసిన్రు కద. పడనియ్యున్రి.”

హ్యాండ్‌బ్రేక్ దిగిన చప్పుడు వినపడింది. భూమేష్ దిగి పక్కకు గెంతాడు.

కారు కదల్లేదు. వాలు దాన్ని కిందికి లాగుతోంది, కానీ పిప్పి టైర్లను అంతకు రెట్టింపు గట్టిగా పట్టుకుంది. గాలి వీచింది, నేను తుమ్మాను, కారు మాత్రం ఉన్నచోటే ఉంది.

“ఊదున్రి సార్, కదులుతదేమో,” అన్నాను.

శేఖర్ మెడ నరాలు బిగుసుకున్నాయి. కారు వెనక్కి పోయాడు. భుజం ఆనించి, నేను ముందున్నానని చూస్తూ చూస్తూనే, బలమంతా పెట్టి తోశాడు. కారు జానెడు జరిగి ఆగింది. ఇంకోసారి తోశాడు, ఇంకో జానెడు. మూడోసారి బూటు జారి మోకాళ్ల మీద పడ్డాడు. నేను గోడ దగ్గర నుంచి ఒక్క అడుగు కదల్లేదు.

“బండి జారలే సార్. ఎవరో నడిపిన్రు.”

“ఎట్ల పోతేంది, గుద్దిన దెబ్బకే సచ్చిండు కద…”

“పోస్టుమార్టం రిపోర్ట్ మీరు చదివిన్రా, సంతకం పెట్టి పక్కకు పడేసిన్రా? ఆత్మారాం దెబ్బకు సావలే. ఊపిరి తీసుకునే జాగ లేక సచ్చిండు. మెల్లగ సచ్చిండు.”

కారు పక్కకు తీయించి గోడ ముందు పిప్పిని చేతులతో తోడాను. పైన ఉన్నది పొడి పిప్పి, ఎవరో తెచ్చి నింపింది. జానెడు లోతున నల్లగా మాడిన పిప్పి తగిలింది. ముందు చక్రాలు రెంటికీ చెరో గుంత, రెండూ టైరు వెడల్పే. వేళ్లకు మాడిన బెల్లం వాసన అంటుకుంది. శేఖర్ వంగి చూశాడు. ఈసారి వెటకారం లేదు.

“ఆనాడు పొద్దున మాక్లూర్ బంకుల ట్యాంకు ఫుల్ చేసిండు సిద్దిరాములు, ట్రిప్ మీటర్ సున్న పెట్టిండు. ఆత్మారాం రూల్ అది,” అన్నాను. “ఇయ్యాల బండి గిక్కడికి తెస్తుంటె భూమేష్ తోని అదే బంకుల మల్ల నింపిచ్చిన. నాలుగు లీటర్లు పట్టింది. తిరిగింది ఇరవై నాలుగు కిలోమీటర్లు. లీటరుకు పదహారు లెక్కన ఒకటిన్నర. సారు ఏసీల కూసున్నందుకు ఇంకో అర. మిగిలిన రెండు లీటర్లు ఎటుపోయినయ్ సార్?”

“అమ్ముకున్నడేమో.”

“ఈ గుంతలల్ల పోయినయ్. ముంగట మనిషి, ఆయన ఎనుక గోడ. బండి జరుగది. ఎవరో డ్రైవర్ సీట్ల కూసోని తొక్కిన్రు. చక్రాలు తిరిగినయ్, పిప్పి మాడింది. ఊకె నిలబడ్డ ఇంజన్ రెండు లీటర్లు తాగాలంటె ఒక పూట పడ్తది. గట్టిగ తొక్కితె అరగంట. అరగంట సేపు ఆయన మొకం సూసుకుంట తొక్కిన్రు. సిద్దిరాములు చాయ్‌కు పోయినంక అయింది గిది, ఆయన నిర్లక్ష్యం కాదు సార్. గిది ఖూనీ.”

శేఖర్ టోపీ తీసి దులుపుకున్నాడు. “ఖూనీ అంటవ్.”

“ఖూనీ.”

“మంచిది,” అన్నాడు. అంత మెత్తగా ఒప్పుకుంటాడని నేననుకోలేదు. గెలిచానన్న పొగరులో ఆ మెత్తదనం గురించి ఆలోచించలేదు.

ఆఖరున కారు లోపల వెతికాను. యాక్సిలరేటర్ పెడల్ రబ్బరు గాడిలో గోరంత ఎండు ఆకు ముక్క ఇరుక్కుని ఉంది. ఒక అంచు కత్తెరతో కోసినంత నున్నగా ఉంది. తునికాకు. డ్రైవర్ ఇంట్లో బీడీలు చేస్తారు, చెప్పులకు అంటుకుని వచ్చి ఉంటుందనుకుని కవరులో వేసి బ్యాగులో పడేశాను.

* * *

ఆఫీసుకు తిరిగి వచ్చేసరికి సత్తవ్వ నా బల్ల ముందు నేల మీద కూర్చుని ఉంది. ఒళ్లో అదే చేట. నేను బ్యాగు దించకముందే ఫోన్ మోగింది. శేఖర్.

“లెక్క మస్తు చేసిన్రు మేడం. పొయ్యి సిద్దిరాములుకు చెప్పిన, గిది యాక్సిడెంట్ కాదు, ఖూనీ అని సుమలత మేడం సాబిత్ చేసింది అని. ఒక్క దెబ్బ కొట్టలే, ఒట్టు. వెంటనే ఒప్పుకున్నడు. నేనే ఎక్కిచ్చిన, నేనే తొక్కిన అన్నడు. గుంతలు గూడ నేనే పూడ్చిన అన్నడు. నా లెక్కల ఉంటె రేపే బెయిల్ దొరుకుతుండె. మీ లెక్కల జిందగీ అంత లోపలనే.” నవ్వాడు. “నేనే కాదు, పెద్దసార్లు గూడ మీకు థాంక్స్ చెప్తున్నరు.”

ఫోన్ బల్ల మీద పెట్టాను. చెమట పట్టి చెయ్యి జారింది.

“ఏమంటున్నడు?” అంది సత్తవ్వ.

చెప్పాను. దాచలేదు. కారు జారలేదని, ఎవరో కూర్చుని అరగంట తొక్కారని, ఆ పని తనే చేశానని సిద్దిరాములు ఒప్పుకున్నాడని చెప్పాను. ఆమె కత్తెర చేటలో పెట్టింది. ఆకులు సర్దింది. తర్వాత నా వంక చూసింది.

“అరగంట గాదు,” అంది.

నాకు అర్థం కాలేదు.

“అంత కంటె ఎక్కువనే. నడుమ నడుమ కాలు తీసిన. ఊపిరి తీసుకోనిచ్చిన. మల్ల తొక్కిన.”

కవరులోని ఆకు ముక్క నా బ్యాగులోంచే నన్ను పొడిచినట్టయింది.

“ఆయినకు సద్ది తెచ్చిన. ఆయిన లేడు. సారు కారు దిగి గోడకు మూత్రం పోస్తున్నడు. కారు సురు అయ్యే ఉన్నది. మా ఆయిన ఇంట్ల చెప్తుండె, గీ బండికి గేర్లు లెవ్వు, క్లచ్ లేదు, చిన్న పోరడు గూడ నడుపుతడని. ఎక్కి కూసోని తొక్కిన. సప్పుడు ఇని సారు నా దిక్కు మల్లిండు. గోడకు వీపు ఆనింది. మోకాళ్లు మడతవడ్డయి. మా బంటి గట్లనే కూసుండెనట అక్కా, రెండు గంటలు. దవాఖానల చెప్పిండు పోరడు. మూత్రం ఎర్రగ వస్తుంటె గూడ సారు చెప్పిన పాఠమే చెప్పిండు. గోడ జరగకపోతె పని సున్న అంట అవ్వా, నేనేం పని చెయ్యలేదంట.”

“పిల్లలు లేరన్నవ్ గద సత్తవ్వా.”

“లేరు గద.”

కుర్చీ వదిలేసి ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాను.

“సారును గదే అడిగిన,” అంది. “గోడ జరిగిందా సారూ? జరగలే. మరి చెమటెందుకు పడ్తుంది? జవాబు చెప్తే కాలు తీస్త అన్న. అంత పెద్ద సారుకు చెప్పరాలే. నన్ను గుర్తు గూడ పట్టలే అక్కా, ఎవరివే నువ్వు, ఎవరివే అంటనే పోయిండు.” కొంగుతో మూతి తుడుచుకుంది. “ఆయిన వచ్చి నన్ను గుంజి పారేసిండు. ఇంటికి పో, హ్యాండ్‌బ్రేక్ మరిచిన అని నేను చెప్పుకుంట, జర్రంత కేసు, వచ్చేస్త అన్నడు. కొడ్తున్రంటె ఆగలేక నీ తాన కొచ్చిన. కొట్టుడు ఆపిస్తవనుకున్న. గివన్ని లెక్కలు చేస్తవని నాకు ఎర్కనా?”

లేచి చేట చంకలో పెట్టుకుంది. “నడు. నేనొచ్చి చెప్త. ఆయినను ఇడిపియ్యి.”

దారి పొడుగునా ఆమె నా పక్క సీట్లో కూర్చుని నా కాళ్ల వంకే చూసింది. నేను ఎక్కడ బ్రేకు వేస్తున్నానో, ఎక్కడ క్లచ్ తొక్కుతున్నానో చూస్తూ, “నీ బండికి గేర్లున్నయ్,” అంది.

స్టేషన్ మెట్లెక్కగానే శేఖర్ కుర్చీలోంచి లేవకుండానే చెయ్యి ఊపాడు. సత్తవ్వ అతని ముందు నిలబడి ఒకే ఊపులో అంతా చెప్పింది. శేఖర్ విని, నా వైపు కన్ను గీటాడు. “మొగుడు ఒప్పుకున్నడు, పెండ్లాం ఒప్పుకున్నది. ఇద్దరు కలిసే చేసిన్రని రాస్త. మీకేమన్న అభ్యంతరమా మేడం?”

“ఆయన అప్పుడక్కడ లేడు సార్. చౌరస్తల చాయ్‌కు పోయిండు.”

“గుంతలు ఎవరు పూడ్చిన్రు? మీరే తవ్వి సూపెట్టిన్రు గద.”

కానిస్టేబుల్ వచ్చి సత్తవ్వ చంకలోంచి చేట లాక్కున్నాడు. ఆకులు నేలంతా చెదిరాయి. లోపల ఊచల వెనక సిద్దిరాములు ఆ చప్పుడుకు తలెత్తి, భార్యను చూశాడు. వాచిన కాళ్ల మీదే లేచి నిలబడ్డాడు. అరవలేదు, ఆమె వైపు కూడా రాలేదు. నా వైపే చూశాడు.

“మీరేం చెయ్యొద్దన్న గద మేడం,” అన్నాడు.